నాలుగు పుస్తకాల సోషల్, ఒకే డెల్టా: మార్కు ఎక్కడ వేయాలి?

గోదావరి డెల్టాలో, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలిన కొద్ది రోజులకే ఎగువ ఊళ్లలో నారుమళ్ల పని మొదలవుతుంది. అదే కాలువ చివర, సముద్రానికి దగ్గరగా ఉన్న శివారు ఆయకట్టులో రైతు ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాడు. తీరా అక్టోబరు వచ్చేసరికి అదే శివారు పొలం వాన నీటిలో మునిగి, డ్రెయిన్ (మురుగు కాలువ) లాగక, పంట కుళ్లిపోతుంది. కావలసినప్పుడు నీరు లేదు, వద్దన్నప్పుడు నీరు పోదు. దీనికి కారణం చెప్పాలంటే నేల వాలు తెలియాలి, కాలువలు ఎప్పుడు ఎందుకు తవ్వారో తెలియాలి, నష్టం యజమానిదో కౌలుదారుదో తెలియాలి, నీటి వంతు ఎవరు నిర్ణయిస్తారో కూడా తెలియాలి. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు పిల్లలు ఈ మాటలన్నీ ఇంట్లో అన్నం తింటూ వింటారు. హైస్కూల్లో మాత్రం అవి నాలుగు పుస్తకాల్లో, వేర్వేరు నెలల్లో, ఒకదానితో ఒకటి కలవకుండా వస్తాయి.

భూగోళం, చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం కలిపి చెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. పాఠాన్ని కలపడానికి మన దగ్గర చాలా ప్రయత్నం జరిగింది, మూల్యాంకనాన్ని కలపడానికి మాత్రం అంత శ్రద్ధ పెట్టలేదు. పిల్లవాడు నాలుగు విషయాలను జోడించి ఆలోచించినందుకు మార్కు పడే గడి ఎక్కడా లేకపోతే ఆ జోడింపు తరగతిలో ఎక్కువ కాలం నిలవదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వచ్చిన పదో తరగతి సోషల్ పుస్తకం చాలావరకు ఇతివృత్తాల చుట్టూ అల్లినది. మొదటి భాగంలో నదులు, నీటి వనరులు, జనాభా, వలసలు, ఒక గ్రామ ఆర్థిక వ్యవస్థ, ఆహార భద్రత, సమానతతో కూడిన సుస్థిరాభివృద్ధి వంటి పాఠాలు వరుసగా ఉండేవి. వలసల పాఠంలోకి వెళితే అది భూగోళమా అర్థశాస్త్రమా అని విడదీయడం కుదిరేది కాదు. 2024-25 నుంచి పదో తరగతికి కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యక్రమం వచ్చింది. దానితో చరిత్ర, భూగోళం, రాజనీతి, అర్థశాస్త్రం మళ్లీ నాలుగు విడి భాగాలయ్యాయి. అదే ఏడాది ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి కొత్తగా తెచ్చిన సోషల్ పుస్తకంలో మూడు పుస్తకాలను ఒకటి చేసి ఇతివృత్తాలుగా మార్చింది. అంటే కింది తరగతుల్లో కలుపుతున్నాం, పై తరగతిలో విడదీస్తున్నాం.

అయినా ఇక్కడ ఒక అనుకూలత ఉంది. మన హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్‌కు ఒకరు, బయాలజీకి ఒకరు ఉంటారు గానీ సోషల్‌కు ఒకే స్కూల్ అసిస్టెంట్ (సబ్జెక్టు టీచరు) నాలుగు భాగాలూ చెబుతారు. వేర్వేరు టీచర్లను ఒక చోట కూర్చోబెట్టి ఒప్పించాల్సిన అవసరం లేదు. పుస్తకం నాలుగైనా చెప్పే గొంతు ఒకటే కాబట్టి కలిపి చెప్పే వీలు ఇప్పటికీ ఉంది.

మార్కుల సంగతి

విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 29 పిల్లల అవగాహనను, దాన్ని ఉపయోగించే శక్తిని నిరంతరంగా, సమగ్రంగా అంచనా వేయాలని చెప్పింది. ఆ స్ఫూర్తితోనే నిర్మాణాత్మక (చదువు నడుస్తుండగా చేసే), సంగ్రహణాత్మక (టర్ము చివర చేసే) మూల్యాంకనాలు వచ్చాయి. టీచర్లందరికీ ఇవి ఎఫ్‌ఏ, ఎస్‌ఏగానే తెలుసు. ఆ పద్ధతి వచ్చినప్పుడు ఎఫ్‌ఏకు 50 మార్కులు: పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనికి 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20. సోషల్‌కు ప్రత్యేకంగా ఆరు విద్యా ప్రమాణాలు కూడా రాసుకున్నారు. విషయావగాహన, పాఠ్యాంశాన్ని చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందించడం, పట నైపుణ్యాలు, ప్రశంస–సున్నితత్వం. కాగితం మీద ఇది మంచి పనిముట్టు. ఈ ఆరింటినీ రాసినవాళ్లు సోషల్ అంటే బట్టీ పట్టే సబ్జెక్టు కాదని స్పష్టంగానే నమ్మారు.

పదో తరగతి ఫలితాల్లో మాత్రం లెక్క చాలాసార్లు మారింది. 2012లో మార్కులకు బదులు గ్రేడ్లు, గ్రేడ్ పాయింట్ల సగటు వచ్చాయి. ఆ తర్వాత కొంతకాలం పబ్లిక్ పరీక్షకు 80, అంతర్గత మార్కులు 20గా నడిచింది. ఆ 20 చాలా బడుల్లో అందరికీ దాదాపు పూర్తిగా పడుతున్నాయన్న విమర్శ రావడంతో వాటిని తీసేశారు. 2022 ఫలితాల నాటికి మళ్లీ మార్కులే వచ్చాయి. ఇప్పుడు సోషల్ 100 మార్కులకు ఒకే పేపరు, పాసుకు 35.

ఈ మార్పుల గురించి జరిగిన చర్చ అంతా గ్రేడా మార్కా అన్న దగ్గరే ఆగిపోయింది. నిజానికి 87 అని రాసినా, ఎ2 అని రాసినా అది ఒక్క అంకె లేదా ఒక్క అక్షరమే. ఆ అంకె వెనుక పటం చదవగలిగిన పిల్ల ఉందో, తేదీలన్నీ గుర్తుపెట్టుకుని పటం చూస్తే తడబడే పిల్లవాడు ఉన్నాడో తెలియదు. అంతర్గత మార్కులు తీసేయడం ఒక జబ్బుకు మందుగా కనబడింది గానీ, దాంతో ప్రాజెక్టుకు పబ్లిక్ ఫలితంలో ఉన్న కాస్త చోటు కూడా పోయింది. అందరికీ 20కి 20 వేసిన చోట తప్పు ప్రాజెక్టుది అనలేం. ఏది 10కి 4 అవుతుందో, ఏది 8 అవుతుందో ముందుగా ఎవరూ రాసిపెట్టుకోలేదు. ఆ కొలత లేనప్పుడు పూర్తి మార్కులు వేసేయడమే టీచరుకు మిగిలిన సులువైన దారి.

పోల్చడానికి రెండు పద్ధతులు చూడవచ్చు. కేంద్ర బోర్డు సీబీఎస్‌ఈలో పదో తరగతి సోషల్‌కు 80 రాత పరీక్షకు, 20 అంతర్గతానికి. ఇటీవలి సిలబస్‌లో ప్రపంచీకరణ చుట్టూ చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం పాఠాలను కలిపి ఒక అంతర్విషయ ప్రాజెక్టు కూడా పెట్టారు. ఆ ఆలోచన బాగుంది, కానీ దాని బరువు తక్కువ. రెండోది ఇంటర్నేషనల్ బాకలారియేట్ వారి మిడిల్ ఇయర్స్ కార్యక్రమం. ఈ సంస్థతో మన రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో ఒప్పందం చేసుకుంది కాబట్టి ఆ పేరు ఇక్కడి టీచర్లకు పరిచయమే. అందులో సోషల్‌కు సమానమైన సబ్జెక్టును నాలుగు ప్రమాణాల మీద కొలుస్తారు: విషయ జ్ఞానం, పరిశోధన, వ్యక్తీకరణ, విమర్శనాత్మక ఆలోచన. ఒక్కోదానికి గరిష్ఠం 8, మొత్తం 32. ఏ స్థాయికి ఏం కనబడాలో వాక్యాల్లో రాసి ఉంటుంది. పిల్లల పనిని ఆ వాక్యాలతో పోల్చి, దగ్గరగా సరిపోయే స్థాయిని టీచరు ఎంచుకుంటారు.

అక్కడ కూడా చివరికి నాలుగు అంకెలను కూడి 1 నుంచి 7 వరకు ఒక గ్రేడు ఇస్తారు. 19 నుంచి 23 వరకు వస్తే 5. ఒకరికి 8, 3, 5, 4 వచ్చాయనుకుందాం, ఇంకొకరికి 4, 6, 4, 6. ఇద్దరికీ 20, ఇద్దరికీ 5. మొదటి బిడ్డకు బోలెడు తెలుసు, వెతకడం రాదు. రెండో బిడ్డకు తెలిసింది తక్కువైనా వెతకడం, ప్రశ్నించడం బాగా వచ్చు. వీరికి వచ్చే ఏడాది చేయాల్సిన సాయం పూర్తిగా వేరు. అందుకని ఆ పద్ధతి నుంచి తీసుకోవాల్సింది చివరి గ్రేడు కాదు, దానికి ముందున్న నాలుగు అంకెలు.

ఒక ప్రశ్నను చివరి దాకా

ఇప్పుడు శివారు నీటి సమస్యనే తొమ్మిదో తరగతి పాఠ్యాంశంగా తీసుకుంటే ఏం జరుగుతుందో చూద్దాం.

ముందు పటం. గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. బ్యారేజీ నాలుగు భాగాలుగా ఉంది: ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం నుంచి, మధ్య డెల్టాకు బొబ్బర్లంక నుంచి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం నుంచి నీరు వెళుతుంది. మొత్తం ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. తమ ఊరు ఏ డెల్టాలో ఏ కాలువ మీద, ఎన్నో లాకు దిగువన ఉందో పిల్లలు గీయాలి. గీస్తుండగానే వాలు ఎంత తక్కువో, పంట కాలువకు, మురుగు కాలువకు తేడా ఏమిటో, డ్రెయిన్ సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేస్తే ఏమవుతుందో ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

తర్వాత చరిత్ర. 1830ల కరువులు, 1839 నాటి కోరంగి తుఫాను ఈ ప్రాంతాన్ని చితకగొట్టాయి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అన్నపూర్ణ అన్న పేరు ఆ తర్వాతి కథ. డెల్టా పల్లెల్లో కాటన్ విగ్రహాలు చాలా ఉన్నాయి, ఆ కృతజ్ఞత నిజమైనదే. దానికి భంగం రాకుండానే పిల్లలతో ఇంకో రెండు ప్రశ్నలు అడిగించవచ్చు. కంపెనీ ప్రభుత్వం అంత డబ్బు పెట్టడానికి భూమిశిస్తు ఆదాయం మీద ఆశ ఎంతవరకు కారణం? కాలువలను పడవల రవాణాకు కూడా వాడారు కదా, ఆ రవాణా ఇప్పుడేమైంది? లాకుల దగ్గరకు వెళ్లి చూసిన పిల్లలకు రెండో ప్రశ్న చెప్పనక్కర్లేకుండానే తడుతుంది.

అర్థశాస్త్రం దగ్గరకు వచ్చేసరికి ఇది సున్నితమవుతుంది. డెల్టాలో సాగు చేసేవారిలో కౌలుదారులు ఎక్కువ. నీరు ఆలస్యమైతే, పంట మునిగితే, నష్టపరిహారం ఎవరి పేరున వస్తుంది అన్నది పిల్లల ఇళ్లలో రోజూ నడిచే విషయం. పంటల సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది, దాని కింద సాగుదారు హక్కు కార్డు కావాలంటే భూ యజమానితో ఒప్పందం ఉండాలి. మరోవైపు వరి పొలాలు చేపల, రొయ్యల చెరువులుగా మారాయి. భీమవరం చుట్టుపక్కల ఈ మార్పు కళ్లెదుటే కనబడుతుంది. చెరువు ఆదాయం, పక్క పొలానికి పాకే ఉప్పు, తగ్గే కూలి దినాలు ఒకే లెక్కలో వేయాలి. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధర ఉంది, పెరిగిన ఖర్చు ఉంది, మురుగు పారుదల కూడా ఉంది. ఆ ఒక్క సంఘటన మూడు సబ్జెక్టులను కలిపి పిల్లల ముందు పెడుతుంది.

పౌరశాస్త్రంలో నీటి వినియోగదారుల సంఘాలు వస్తాయి. వాటికి ఆధారం 1997 నాటి రాష్ట్ర చట్టం. దాళ్వాలో (రబీ వరి పంట కాలంలో) నది ప్రవాహం పడిపోయినప్పుడు సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలిన నీరు శబరి మీదుగా వచ్చి డెల్టాను ఆదుకుంటుంది. అంటే రాజోలు పొలానికి నీరు అందాలంటే ఎక్కడో మన్యంలో కరెంటు ఎప్పుడు తీస్తారు, ఒడిశాతో నీటి పంపకం ఎలా ఉంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. సమాఖ్య వ్యవస్థ పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ డెల్టా పిల్లలకు దొరకదు.

ఇప్పుడు రెండు నమూనా జవాబులు ఊహిద్దాం. మొదటిది: "కాటన్ దొర 1852లో ఆనకట్ట కట్టారు. గోదావరి డెల్టా అన్నపూర్ణ అయింది. కాలువ చివర నీరు అందడం లేదు. ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి." రెండోది: "మా ఊరు కాలువ చివరి నుంచి రెండో ఊరు. మా తాతయ్య, పక్కింటి కౌలు రైతు ఇద్దరూ జూన్ చివరికి నీరు వస్తుందన్నారు. చెరువులు ముందే నీరు తోడుకుంటున్నాయని కౌలు రైతు అన్నారు, చెరువు ఉన్న ఆయన కాలువలో పూడిక వల్ల అన్నారు. మేము చూసిన చోట పూడిక, గుర్రపుడెక్క ఉన్నాయి. నీరు తోడుకోవడం గురించి మాకు ఆధారం దొరకలేదు."

మొదటి జవాబులో తప్పు లేదు. ఇప్పటి కొలతలో దానికి మంచి మార్కులే పడతాయి. రెండోదానిలో తేదీ లేదు, ఆనకట్ట పేరు లేదు, చేతిరాత కూడా అంత బాగుండకపోవచ్చు. కానీ అందులో రెండు వాదనలు పక్కపక్కన పెట్టడం ఉంది, కళ్లతో చూసినదాన్నీ విన్నదాన్నీ విడదీయడం ఉంది, ఎంతవరకు తెలిసిందో అంతవరకే చెప్పడం ఉంది. ఈ చివరి వాక్యానికి మార్కు వేయగలిగే పద్ధతి కావాలి. "ఆధారం దొరకలేదు" అని రాస్తే మార్కు తగ్గుతుందని భయపడే తరగతిలో పిల్లలు ఆధారాన్ని కల్పిస్తారు.

అలాగని మొదటి జవాబు రాసిన బిడ్డ తెలుసుకున్నది విలువలేనిదని అనకూడదు. ఆనకట్ట ఎప్పుడు వచ్చిందో తెలియకుండా, స్కేలు చూసి పటం మీద దూరం లెక్కగట్టడం రాకుండా నాలుగు సబ్జెక్టులను కలపడం మొదలుపెడితే మిగిలేది ఊళ్లో నడిచే మాటలే. ఏ సబ్జెక్టు పద్ధతి దానికి ఉంది, అది ముందు రావాలి.

ఎఫ్‌ఏలో ప్రాజెక్టుకు పెట్టుకున్న 10 మార్కులనే ఇలా పంచవచ్చు: ప్రశ్నను సరిగ్గా అడిగినందుకు 2, ఆధారాలు సేకరించి సరిచూసినందుకు 3, కనీసం రెండు సబ్జెక్టులను కారణ సంబంధంతో జోడించినందుకు 3, స్పష్టంగా చెప్పినందుకు 2. అట్టల రంగులకు, షాపులో కొన్న బొమ్మలకు సున్నా. ఈ చివరి నియమం చిన్నదిగా కనబడుతుంది గానీ డబ్బున్న ఇంటి పిల్లలకు, లేని ఇంటి పిల్లలకు మధ్య తేడాను ఎక్కువగా తగ్గించేది ఇదే. జోడింపు 3 మార్కుల్లో, పక్కపక్కన రెండు పేరాలు రాస్తే 1, ఒకదాని వల్ల ఇంకొకటి ఎలా మారిందో చెబితే 2, ఆ కారణం సరిపోని సందర్భాన్ని కూడా చూపితే 3 అని ముందే గోడ మీద అంటించాలి.

మరి నకలు సంగతి? నలుగురి బృందాన్ని ఒక్కొక్కరినీ మూడు నిమిషాలు మాట్లాడించడం కన్నా గట్టి మందు లేదు. 40 మంది తరగతికి 120 నిమిషాలు, అంటే సుమారు మూడు పీరియడ్లు. ఇది భారమే, కానీ 40 రికార్డులు దిద్దే సమయం కంటే ఎక్కువేమీ కాదు. మాట్లాడేటప్పుడు తెలుగులో చెప్పనివ్వాలి. పాఠ్యపుస్తకమే పక్కపక్క పేజీల్లో రెండు భాషల్లో ఉంది. తాతయ్యను తెలుగులో అడిగి తెచ్చిన సంగతిని ఇంగ్లీషులోనే చెప్పాలంటే పిల్లలు తాతయ్య చెప్పినది వదిలేసి గైడులో ఉన్నది అప్పజెబుతారు.

తీర్పుకు కాదు, దారికి

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఒకే తరగతిలో చెరువు యజమాని బిడ్డ, కౌలు రైతు బిడ్డ, కూలికి వెళ్లే తల్లి బిడ్డ, అమ్మ గల్ఫ్‌లో పనిచేస్తున్న బిడ్డ కూర్చుని ఉంటారు. చెరువులు మంచివా చెడ్డవా అన్న తీర్పుకు మార్కు వేయకూడదు. ఆ తీర్పుకు వచ్చిన దారికే వేయాలి. ఇంటి సంగతులు చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. వలస గురించి ప్రాజెక్టు అంటే సొంత అమ్మ కథే రాయాలని కాదు, బడి దగ్గర బస్సు ఎక్కేవారిని అడిగినా చాలు. ఊళ్లో గొడవలు రేగిన విషయాల మీద సర్వే చేయించే ముందు టీచరు ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడుకోవాలి. విషయం వేడిగా ఉందని పూర్తిగా వదిలేయడం మాత్రం సరికాదు. అలాంటి విషయాల్లోనే ఆధారం అడిగే అలవాటు ఎక్కువ అవసరం.

ఇద్దరు టీచర్లు ఒకే పనికి వేర్వేరు మార్కులు వేస్తారన్నది న్యాయమైన అభ్యంతరం. దీనికి కొత్త వ్యవస్థ అక్కర్లేదు, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. పేర్లు తీసేసిన ఐదు ప్రాజెక్టులు తీసుకెళ్లి సోషల్ టీచర్లంతా విడివిడిగా మార్కులు వేసి, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మాట్లాడుకుంటే ఏడాదిలో ఒక ఉమ్మడి కొలత తయారవుతుంది.

పదో తరగతిలో ఇది మొదలుపెట్టడం కష్టం. జనవరి వచ్చిందంటే స్టడీ అవర్లు, లఘు పరీక్షలు, పబ్లిక్ టెన్షన్, ప్రాజెక్టు మాట ఎవరూ ఎత్తరు. పబ్లిక్ పేపరులో కనీసం ఒక ప్రశ్న, పిల్లలు ముందు చూడని చిన్న పటం, ఒక పట్టిక, రెండు విరుద్ధ వ్యాఖ్యలు ఇచ్చి వాటిని కలిపి వివరించమని అడిగేదాకా ఆ పరిస్థితి మారదు. అందుకే తొమ్మిదో తరగతిలో, ఏడాదికి రెండే రెండు పాఠ్యాంశాలతో మొదలుపెట్టడం మేలు: సార్వా నీళ్లు వచ్చే జూన్–జూలైలో ఒకటి, తుఫాన్ల కాలం దాటాక ఒకటి.

ప్రోగ్రెస్ కార్డులో సోషల్ ఎదురుగా మొత్తం మార్కు అలాగే ఉంచి, దాని కింద ప్రశ్న, ఆధారం, జోడింపు, వ్యక్తీకరణ అని నాలుగు చిన్న గడులు పెడితే చాలు. ఆధారం గడిలో 1 పడిన అమ్మాయికి మళ్లీ వెళ్లి ఇంకొకరిని అడిగి వచ్చి ఆ మార్కు పెంచుకునే అవకాశం ఎస్‌ఏ లోపు ఇవ్వాలి. ఆ గడులున్న కార్డు జూన్‌లో పదో తరగతి టీచరు చేతికి అందితే, పటం దగ్గర ఎవరికి సాయం కావాలో, రాత దగ్గర ఎవరికి కావాలో మొదటి వారంలోనే తెలుస్తుంది.